ఎక్కడో వైరస్ అనగానే బోర్డర్ మూసెయ్యమంటున్నాం, జ్వరంతో పనికొచ్చేవాడి మాటేంటి?

వేపచెట్టు
సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను పనిచేసే చోట మూడొంతుల మంది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు, అందులో సగానికి పైగా వేరే రాష్ట్రాల వాళ్లు. టీవీలో నిపా అనో ఎబోలా అనో స్క్రోలింగ్ పడడం ఆలస్యం, మా వాట్సాప్ గ్రూపులో "బోర్డర్లు మూసెయ్యాలి, బయటివాళ్లను రానివ్వొద్దు" అని మొదలవుతుంది. ఒకాయనైతే సెలవుకెళ్లినవాళ్లను మళ్లీ గేటు లోపలికి రానివ్వొద్దని ఏకంగా సంతకాలే సేకరిస్తున్నాడు.

నా సందేహాలు రెండు. మూస్తే నిజంగా ఆగుతుందా అన్నది ఒకటి. రెండోది నన్ను ఎక్కువ తినేస్తోంది. పోయిన వారం పక్క మెషీన్ కుర్రాడికి ఒళ్లు కాలిపోతోంది. ఇంటికెళ్లరా అంటే, "అన్నా, ఎవరికీ చెప్పకు, ఈ రోజు మస్టర్ పోతుంది, కూలి రాదు" అన్నాడు. గోలీ మింగి షిఫ్టు పూర్తి చేశాడు. మామూలు జ్వరమే అయ్యుండొచ్చు. కాకపోతే?

ముక్కుసూటి
సోమవారం, ఉదయం 8:15

మూస్తే ఆగుతుంది. సాక్ష్యం కావాలంటే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా చూడండి. పసిఫిక్‌లో పక్కపక్కనే రెండు సమోవాలు. పశ్చిమ సమోవాకు నవంబరులో ఆక్లాండ్ నుంచి టలూన్ అనే ఓడ వచ్చింది. అందులో జబ్బుపడ్డవాళ్లున్నా దించుకున్నారు. జనాభాలో ఐదో వంతుకు పైగా పోయారు. అమెరికన్ సమోవా గవర్నరు పోయర్ మాత్రం ఓడలను కట్టడి చేశాడు. అక్కడ ఆ జబ్బుతో ఒక్కరూ చావలేదు.

ఇంకొకటి. 1999లో మలేషియా నుంచి తెచ్చిన పందుల వల్ల సింగపూర్ కబేళా కార్మికులు 11 మందికి నిపా సోకింది, ఒకరు చనిపోయారు. దిగుమతి ఆపేశారు, అక్కడితో సరి. ఇవన్నీ పక్కనపెట్టి "మానవత్వం" అని ఉపన్యాసాలిస్తే వైరస్ వింటుందా?

లెక్కల మాస్టారు
సోమవారం, ఉదయం 9:02

సమోవా ఉదాహరణ నికార్సైనదే, కాదనను. కానీ అది ద్వీపం. చుట్టూ సముద్రం, ఓడ ఎప్పుడో ఒకటి వస్తుంది, అదీ ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. కోవిడ్ అప్పుడు, 2020 మార్చి 19న న్యూజిలాండ్ తలుపులు మూసి ఫలితం పొందిందన్నా అదే కారణం. పొలం గట్టు దాటితే అవతలి రాష్ట్రమో దేశమో అయ్యేచోట ఆ లెక్క కుదరదు.

పశ్చిమాఫ్రికా ఎబోలా అప్పుడు సెనెగల్ 2014 ఆగస్టు 21న గినీతో సరిహద్దు మూసింది. జబ్బు అంటిన గినీ విద్యార్థి అంతకు ముందు రోజే రోడ్డు మార్గాన సెనెగల్ రాజధాని డకార్ చేరిపోయాడు! అయినా ఆ దేశంలో ఒక్క కేసుతోనే ఆగింది. అతను కలిసిన 74 మందిని 21 రోజుల పాటు కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉన్నారు కాబట్టి ఆగింది. గేటు వల్ల కాదు.

కాంగోలోని గోమా పట్టణంలో ఎబోలా కనబడ్డప్పుడు, 2019 ఆగస్టు 1న రువాండా అటువైపు దారి మూసి, కొన్ని గంటల్లోనే మళ్లీ తెరిచింది. అటూ ఇటూ రోజూ వేల మంది బుట్టలు నెత్తిన పెట్టుకుని దాటే చోటు అది. అధికారిక దారి మూస్తే దొడ్డిదారులు తెరుచుకుంటాయి. దొడ్డిదారిలో చేతులు కడిగించేవాడూ ఉండడు, పేరు రాసుకునేవాడూ ఉండడు.

ఇక సింగపూర్ నిపా సంగతి. అక్కడ ఆపింది మనుషుల్ని కాదు, జబ్బు మోసుకొచ్చే పందుల్ని. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు తెలంగాణ చెక్‌పోస్టుల్లో కోళ్ల లారీలను వెనక్కి పంపిందీ అదే తర్కంతో. దానికీ, కూలికొచ్చే మనిషిని ఆపడానికీ పోలిక లేదు.

స్టీరింగ్ సూరి
సోమవారం, మధ్యాహ్నం 1:30

డాబా దగ్గర ఆగి టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. చెక్‌పోస్టు గురించి మాస్టార్లకి ఏం తెలుసో గానీ మాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

2020లో నెత్తికి తుపాకీ పెట్టినట్టు ఆ థర్మామీటరు పెట్టేవాళ్లు. మిట్టమధ్యాహ్నం క్యాబిన్లో ఇంజను వేడి, అద్దంలోంచి ఎండ, నుదురు పెనంలా ఉంటుంది. జ్వరం లేనోడికీ ఎక్కువ చూపించేది. అప్పుడేం చేసేవాళ్లం? వంద గజాల ముందే తడి తువ్వాలు మొహానికి చుట్టుకునేవాళ్లం. నిజంగా జ్వరం ఉన్నోడు గంట ముందే పారాసిటమాల్ వేసుకునేవాడు. ఇద్దరికీ ఒకే నంబరు, ఇద్దరూ పాస్.

ఇంకో సంగతి. బండి కదలకుండా ఆపితే డ్రైవర్లంతా ఎక్కడ ఉంటారు? ఒకే కుళాయి దగ్గర, ఒకే చెట్టు కింద, ఒకే పేకాటలో. నాలుగు రాష్ట్రాల వాళ్లం ఒక్కచోట చేరింది ఆ క్యూలోనే. వైరస్‌కి అంతకంటే మంచి సంత ఎక్కడ దొరుకుద్ది చెప్పండి. ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా మధ్య మలాబా దగ్గర అదే ఏడాది పదుల కిలోమీటర్ల లారీల వరస నిలబడిపోయింది. వీడియో చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, మొహాలు వేరు గానీ మా కథే.

ముక్కుసూటి
సోమవారం, మధ్యాహ్నం 2:10

సూరి బ్రదర్, థర్మామీటరు సరిగ్గా వాడకపోతే అది వాడేవాడి తప్పు. అయినా మూసివేతతో పూర్తిగా ఆగకపోయినా ఆలస్యమైతే అవుతుంది కదా. ఆ కాస్త టైమ్‌లో ఆస్పత్రులు సిద్ధం చేసుకోవచ్చు. ఆ మాత్రం ఒప్పుకోరా?

లెక్కల మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 2:48

ఒప్పుకుంటాను. ఆలస్యం చేయడం వరకు నిజం. అయితే ఆ దొరికిన టైమ్‌లో ఏం చేశారన్నదే ప్రశ్న. థర్మామీటరు గురించి మాత్రం ఒకటి: 2003లో సార్స్ అనే శ్వాసకోశ జబ్బు వచ్చినప్పుడు కెనడా విమానాశ్రయాల్లో లక్షల మందిని థర్మల్ స్కానర్లతో వడపోసింది. ఒక్క సార్స్ రోగీ దొరకలేదు. జబ్బు ఒంట్లో ఉండి జ్వరం ఇంకా మొదలవని రోజులుంటాయి. నిపాకి సాధారణంగా 4 నుంచి 14 రోజులు, ఎబోలాకి 2 నుంచి 21. ఆ రోజుల్లో మనిషి ఎంత మంచి థర్మామీటరుకైనా చల్లగానే కనిపిస్తాడు.

నైట్ డ్యూటీ
సోమవారం, రాత్రి 11:55

పొద్దుటి నుంచి చదువుతున్నాను, ఇప్పటికి వీలు చిక్కింది. నేను స్టాఫ్ నర్సుని. అందరూ రోడ్డు మీది గేటు గురించే మాట్లాడుతున్నారు. ఈ రకం వైరస్‌లు ఎక్కువగా అంటుకునేది రోడ్డు మీద కాదు, వార్డులో.

2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిపా వచ్చినప్పుడు 66 కేసులు, వాటిలో ఎక్కువ భాగం ఆస్పత్రుల్లో అంటుకున్నవే. రోగులను చూసుకున్న సిబ్బంది, చూడ్డానికి వచ్చిన బంధువులు. అది నిపా అని తేలడానికి సంవత్సరాలు పట్టింది. 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురంలలో నిపాతో 17 మంది చనిపోయారు. మొదటి రోగికి సేవ చేసిన నర్సు లినీ ఆ మే 21న పోయారు. ఆ వ్యాప్తిలో చాలామందికి సోకింది ఆస్పత్రుల్లోనే, స్కాన్ కోసం వరండాలో కూర్చున్నవాళ్లతో సహా. పశ్చిమాఫ్రికా ఎబోలాలో ఆరోగ్య సిబ్బంది 800 మందికి పైగా జబ్బుపడ్డారు, 500 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అందరూ కిట్ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) ఇచ్చారా అని అడుగుతారు. కిట్ వేసుకోవడం సులువే. విప్పడంలోనే ఉంది అంతా. ఆరు గంటలు అందులో ఉన్నాక గ్లౌజుల్లో చెమట నిలుస్తుంది, కళ్లద్దాలు మసకబారి మెట్టు కనపడదు, ముక్కు మీద మాస్కు గీత మండుతూ ఉంటుంది. ఎప్పుడు పీకి పారేద్దామా అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక్కోటి వరసగా తీయాలి. బయటి గ్లౌజుని లోపలివైపు తిరగేస్తూ తీయడం, గౌనుని ఒంటికి తగలకుండా చుట్టడం, మాస్కు చిట్టచివర. ప్రతి దానికీ మధ్య చేతులు శుభ్రం చేసుకోవాలి. ఎదురుగా ఇంకొకరు నిలబడి "ఆగు, చెయ్యి మొహం దగ్గరికి వెళ్తోంది" అని చెబుతూ ఉండాలి. సిబ్బంది తక్కువైతే మొట్టమొదట మాయమయ్యేది ఆ చెప్పే మనిషే.

2024లో రువాండా, మాస్టారు చెప్పిన అదే రువాండా. సెప్టెంబరు 27న ఎబోలా కోవకే చెందిన మార్బర్గ్ వైరస్ వచ్చిందని ప్రకటించారు. 66 కేసుల్లో అత్యధికులు ఆస్పత్రి సిబ్బందే. ఈసారి సరిహద్దులు మూయలేదు. రోగులను కలిసినవాళ్లను వెతికి పట్టుకున్నారు, జబ్బుపడ్డవాళ్లకు మందులూ ఐసీయూ వెంటనే అందించారు. మార్బర్గ్‌లో సగం మంది చనిపోవడం మామూలు, అక్కడ 15 మరణాలతో ఆగింది. డిసెంబరు 20న అయిపోయిందని ప్రకటించారు.

ముక్కుసూటి గారూ, మీరన్న ఆ "కాస్త టైమ్" మాకు కావలసిందే. కానీ గేటు మూసేశాం కదా అని జనం నిశ్చింతగా ఉంటే మా స్టోర్‌లో గ్లౌజులు పెరగవు.

చిన్నోడు
మంగళవారం, ఉదయం 6:50

*(ఈ పోస్టు తొలగించబడింది)*

అడ్మిన్
మంగళవారం, ఉదయం 7:20

ఫలానా రాష్ట్రం వాళ్లే జబ్బులు మోసుకొస్తారు, వాళ్లకి ఇళ్లు అద్దెకివ్వొద్దు అన్న పోస్టు తీసేశాను. చిన్నోడు గారూ, అభిప్రాయం చెప్పండి, మనుషుల్ని పేరు పెట్టి తరిమే మాటలు ఇక్కడ వద్దు. ఆ పోస్టుకి కోపంగా రాసిన జవాబులు కూడా తీసేశాను, ఏమనుకోవద్దు.

సెంట్రింగ్ రాజన్న
మంగళవారం, ఉదయం 10:05

గా పోస్టు నేను సూశిన, తీసేసిండ్రు, మంచిగైంది. నేను 2020ల సింగపూర్ల ఉన్న. గదికి పన్నెండు మందిమి, బంకు బెడ్లు. వంటిల్లు ఒక్కటే, బాత్రూములు అందరికి కలిపి. ఆ దేశం బయటి బోర్డర్ ఎప్పుడో బంద్ పెట్టింది. అయినా లోపల మా డార్మిటరీలల్ల మంటలెక్క అంటుకున్నది. ఏప్రిల్ల గేట్లకు తాళం ఏశిండ్రు. బువ్వ పెట్టిండ్రు, డాక్టర్లను తోలిండ్రు, అబద్ధమెందుకు చెప్పాలె. కానీ ఊరంతా దుకాన్లు తెరిశి తిరుగుతుంటే మేము మాత్రం చానా నెలలు గదిలనే.

తాళం పడకముందు ఏమైందో చెప్త. మా గదిల ఒకనికి దగ్గు మొదలైంది. చెప్తే ఏడికి పట్కపోతరో, కొలువు ఉంటదో ఊడుతదో తెల్వదు. ఏజెంటుకు కట్టిన బాకీ ఇంకా తీరలే. రాత్రి దుప్పటి నోట్ల కుక్కుకొని దగ్గిండు. పక్క బంకు నాదే, నాకు తెల్సు. వాని మీద నాకు కోపం లేదు. వాని జాగల నేనున్నా అదే చేస్తుంటి.

లెక్కల మాస్టారు
మంగళవారం, ఉదయం 11:30

రాజన్నా, మీరు చెప్పినదానికి అంకె కూడా ఉంది. ఆ ఏడాది డిసెంబరులో సింగపూర్ ప్రభుత్వమే ప్రకటించింది, డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో 47 శాతం మందికి సోకిందని. రక్తపరీక్షల్లో బయటపడ్డ పాత ఇన్‌ఫెక్షన్లు కలుపుకుని. బయటి గోడ ఎంత ఎత్తు కట్టినా గదికి పన్నెండు మంది అన్న లెక్క మారకపోతే అంతే.

దాచిపెట్టడం మీద వేపచెట్టు గారు అడిగినదానికి వస్తాను. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2020లో దీన్ని నేరుగా ఎదుర్కొంది. క్యాజువల్ పనివాళ్లు, వృద్ధాశ్రమాల్లో రెండు మూడు చోట్ల డ్యూటీలు చేసేవాళ్లు జబ్బుతోనే తిరిగారు. సిక్ లీవు లేనివాళ్లు ఐసోలేషన్‌లో ఉంటే 1,500 డాలర్లు, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉంటే 450 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అయితే వృద్ధాశ్రమ సిబ్బంది ఒక్కచోటే పనిచేయాలని రూలు పెట్టి, జీతం తగ్గకుండా చూసింది. అమెరికాలో కోవిడ్ కోసం ఇచ్చిన జీతంతో కూడిన సిక్ లీవు, అంతకుముందు అలాంటి సెలవు లేని రాష్ట్రాల్లో, ఒక్కో రాష్ట్రానికి రోజుకు సుమారు 400 కేసులు తగ్గించిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. సెలవు డబ్బులు దానం కాదండీ, అదీ ఒక చెక్‌పోస్టే.

దూరపు కొండ
మంగళవారం, మధ్యాహ్నం 12:15

రాష్ట్రాల మధ్య మూస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి విదేశాలకి పోనక్కర్లేదు. 2020 మార్చిలో కర్ణాటక కేరళ వైపు రోడ్ల మీద మట్టి కుప్పలు పోసింది. కాసరగోడ్ వాళ్లకి పెద్దాసుపత్రి అంటే మంగళూరే. అంబులెన్సులు సరిహద్దులోని తలపాడి దగ్గరే ఆగిపోయాయి, కొందరు చికిత్స అందక పోయారు. కేరళ హైకోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. అదే నెలలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించారని బయల్దేరిన పిల్లలు ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పడిగాపులు పడ్డారు.

2021 మే గుర్తుందా? ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కి పోయే అంబులెన్సులను పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆపేశారు. ఆస్పత్రిలో బెడ్ ఖాయమైనట్టు కాగితం, కంట్రోల్ రూమ్ అనుమతి ఉంటేనే వదులుతామన్నారు. లోపల ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అవుతుంటే ఏ కాగితం తెస్తారు? మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. మా బంధువొకరు ఆ వరసలో ఉన్నారు. ఇంతకంటే రాయలేను.

ముక్కుసూటి
మంగళవారం, మధ్యాహ్నం 1:00

దూరపు కొండ గారూ, అంబులెన్సులు ఆపమని నేను ఎన్నడూ అనను. అది దుర్మార్గం. నేను చెప్పేది ముఖ్యంగా విమానాల సంగతి. వేరే ఖండంలో కొత్త రకం వైరస్ బయటపడితే ఆ దేశం విమానాలు ఓ నెల ఆపితే ఎవరి సొమ్మేం పోతుంది?

లెక్కల మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 1:40

చెప్పినవాడి సొమ్ము పోతుంది. కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ సంగతి 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా ప్రపంచానికి చెప్పింది. రెండు రోజులు తిరక్కుండానే చాలా దేశాలు వరసగా అటు విమానాలు ఆపాయి. తీరా చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబరు 19న తీసిన శాంపిల్‌లోనే అది ఉంది. ముందుగా చెప్పిన దేశానికి శిక్ష పడితే, తర్వాతివాడు చెప్పే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. వేపచెట్టు గారి పక్క మెషీన్ కుర్రాడు చేసిందీ అదే కదా.

అలాగని విమానంలో వచ్చే ముప్పు లేదనను. 2014 జులై 20న లైబీరియా నుంచి ఎబోలా రోగి ఒకాయన నైజీరియాలోని లాగోస్‌లో దిగాడు. ఆయన్ని ఆస్పత్రి నుంచి పంపేయమని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా డాక్టర్ స్టెల్లా అమెయో అడడెవో కదలనివ్వలేదు. అంత పెద్ద దేశంలో 20 కేసులు, 8 మరణాలతో ఆగిపోయింది. ఆ ఎనిమిదిలో ఆవిడా ఉంది.

ముక్కుసూటి
మంగళవారం, మధ్యాహ్నం 1:52

ఈ ఒమిక్రాన్ మాట ఆలోచించాల్సిందే. కానీ దీవి దేశాల విషయంలో నా మాట నాదే.

వేపచెట్టు
మంగళవారం, రాత్రి 8:20

ఇన్ని వివరాలకి అందరికీ థ్యాంక్స్. సంతకాల కాగితం మీద నేను పెట్టనని చెప్పేశాను. శుక్రవారం మేనేజర్ దగ్గరికి నలుగురం వెళ్దామనుకుంటున్నాం. ఏం అడగాలి? "జ్వరమొస్తే జీతం ఇవ్వండి" అంటే నవ్వి పంపించేస్తాడు.

ఫైలు మోత
మంగళవారం, రాత్రి 9:05

కంపెనీల్లో ఈ కాగితాలు చూసే పని నాది. ముందు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతి తేల్చుకోండి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి, సంస్థ ఈఎస్ఐ కింద ఉంటే, కాంట్రాక్టు కార్మికులకీ వర్తిస్తుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉంటే, జబ్బు సెలవులో రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులకి మామూలుగా రాదు. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, మెడికల్ షాపు చీటీ చెల్లదు.

చిక్కంతా ఆ మొదటి రెండు రోజుల దగ్గరే. కుర్రాడు గోలీ మింగి పనికొచ్చేది ఆ రెండు రోజులే! కాబట్టి మేనేజర్ని ఆ రెండు రోజుల మస్టర్ మాత్రం అడగండి. ఏడాది జీతం అడుగుతున్నట్టు ఉండదు, లెక్క చిన్నది. నా అనుభవంలో చిన్న లెక్క పెట్టినవాళ్లకే పని జరిగింది.

నైట్ డ్యూటీ
బుధవారం, ఉదయం 6:30

ఇంకో మాట కూడా అడగండి తమ్ముడూ. జ్వరం సంగతి చెప్పాల్సింది సూపర్‌వైజర్‌కి కాకుండా వేరేవాళ్లకి అయ్యేట్టు చూడండి. హాజరు వేసే మనిషికే జబ్బు సంగతి చెప్పమంటే ఎవరూ చెప్పరు. ఫస్ట్ ఎయిడ్ గదిలో ఎవరైనా ఉంటే వాళ్లకి చెబితే చాలు, ఎక్కడి నుంచి వచ్చావని అడక్కుండా.

స్టీరింగ్ సూరి
బుధవారం, ఉదయం 7:10

మా డ్రైవర్లకి ఈఎస్ఐ వస్తదా ఫైలు గారూ? సగం మందికి ఓనరు పేరు కూడా సరిగ్గా తెలీదు. ట్రిప్పుకింత అంతే.

ఫైలు మోత
బుధవారం, ఉదయం 9:40

రవాణా సంస్థలో పది మంది, అంతకు మించి పనివాళ్లుంటే రావాలి సూరి గారూ. ఒకటి రెండు లారీల ఓనరు దగ్గరైతే కష్టం. మీది వేరే కథ, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, నాకు తెలిసింది రాస్తాను.

వేపచెట్టు గారూ, శుక్రవారం లోపు ఒక పని చేయండి. మీ వాళ్ల పే స్లిప్పుల్లో ఈఎస్ఐ కోత ఉందా, ఒక్కొక్కరికి ఐపీ నంబరు (ఈఎస్ఐలో వాళ్ల బీమా నంబరు) ఉందా చూడండి. కోత పడుతూ నంబరు లేకపోతే మేనేజర్ కంటే ముందు కాంట్రాక్టర్‌ని పట్టుకోవాలి.

వేపచెట్టు
బుధవారం, రాత్రి 8:45

ఈ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అడిగాను. స్లిప్పులు ఇచ్చేదే కొందరికి. ఇచ్చినవాళ్లలో కోత అందరికీ ఉంది, నంబరు మాత్రం ముగ్గురికే తెలుసు. పక్క మెషీన్ కుర్రాడికి స్లిప్పే లేదు. పేర్లు రాసుకుంటున్నాను, రేపు కాంట్రాక్టర్ ఆఫీసుకి వెళ్తున్నాం.